పెరటి కలుపు: పెరికిన పిదప



పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదని తెలుగువారి సామెత. పెరటి కలుపు మాత్రము ఊరందరికిని పని కల్పించుచున్నది. కృష్ణా డెల్టాలో ఇల్లును పెరడును గల ప్రతి గృహస్థుడును సంవత్సరమునకు ఒకసారియైనను పెరడు బాగుచేయించును. తొలకరికి ఏపుగా లేచిన గడ్డి చెక్కింతురు, దడిమీది తీగలు కోయింతురు, మూలనున్న కంప నరికింతురు. సాయంకాలమునకు పెరడు పెండ్లియింటి ముంగిలివలె నుండును. పెరికినది ఏమైనదని ఎవరైన అడిగినచో, "కాలువగట్టున వేయించితిమి" అను సమాధానము వచ్చును. గట్టు దూరమైనవారు "పెంటకుప్పమీద వేయించితిమి" అందురు. నేటి ప్రసంగవిషయము ఆ రెండు సమాధానములే. కలుపు పెరుకుటలో ఈ ప్రాంతమువారికి క్రొత్తగా నేర్పవలసినది లేదు. వరిచేలలో కలుపు తీసిన చేతులకు ఆ విద్య అలవడియే యున్నది. పెరికినదానిని చంపుట వేరొక విద్య. అది లేనందున పడిన శ్రమలో సగము వృథా యగుచున్నది. మిగిలిన సగము పొరుగువాని నెత్తిన భారమై పడుచున్నది.

ఇందుకు ఈ నేల స్వభావమును కొంత కారణము. బెజవాడయొద్ద కృష్ణకు అడ్డముగా 1852-1855 సంవత్సరములలో ఆనకట్ట కట్టిరి. అది 1952లో తెగిన పిమ్మట ప్రకాశం బ్యారేజి నిర్మాణమై 1957 నుండి నీరిచ్చుచున్నది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ, ఆవలి ఒడ్డున పడమటి డెల్టా కాలువలు. వానినుండి బోదెలు, బోదెలనుండి మడులు, మడులనుండి మురుగుకాలువలు, కడపట సముద్రము. ఇంత చదునైన దేశమున ఒక పెరటికిని మరియొక పెరటికిని నడుమ కొండ లేదు, అడవి లేదు, ఉన్నది నీరే. నీరు పోవు దారి యెల్ల విత్తనము పోవు దారియే. ఎగువ ఊరిలో గట్టుమీదనుండి జారిన కాడ దిగువ తూముకడ ఆగి వేరు పట్టును. అది పెరిగి బోదె పూడినచో, సార్వా నారుమళ్ల వేళ శివారు రైతు రాత్రులు తూముకడ కాపలా పండుకొనవలసి వచ్చును. వాన ముంచుకొనివచ్చిన దినములలో మురుగుకాలువ నోరు మూసికొనిపోయి, అదే రైతు పొలము వారముదినములు నీటిలో నుండును. మొదట నీరు లేదని ఏడ్చినవాడే పిదప నీరు పోలేదని ఏడ్చును. ఎగువ పెరటి యజమానికి ఈ సంగతి తెలియదు. తెలిసిన పిదప గట్టున వేయుటకు ఆయన మనస్సు ఒప్పదనియే ఈ ప్రసంగమునకు గల నమ్మకము.

గ్రంథాలయ సభలో కాలువ ప్రస్తావన అసందర్భము కానేరదు. 1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకములు పెట్టించి కృష్ణ కాలువమీద గ్రామగ్రామమునకు పంపిరి. ఆ పడవ గ్రంథాలయము తెలుగుదేశమున గ్రంథాలయోద్యమమునకు పేరు తెచ్చిన వానిలో ఒకటి. గుర్రపుడెక్క మూసిన కాలువలో ఆ పడవ మూరెడు దూరమైనను సాగియుండదు.

ఏ మొక్క ఏ మార్గమున తిరిగివచ్చునో తెలిసికొనిననే దానిని ఎట్లు పారవేయవలయునో తెలియును. కొన్ని విత్తనముచేత తిరిగివచ్చును, కొన్ని దుంపచేత, కొన్ని తెగిన కాడచేత, కొన్ని నరికిన మొదటినుండి. అన్నిటిని ఒకే కుప్పగా పోయుటయే సాధారణముగా జరుగు పొరపాటు.

ముందుగా వయ్యారిభామ. ఈ పేరు పెట్టినవారి రసికతను మెచ్చుకొనవలసినదే గాని, ఆ మొక్క మాత్రము మెచ్చుకొనదగినది కాదు. కాంగ్రెసు గడ్డి అనియు దీనికి పేరు గలదు. శాస్త్రజ్ఞులు పార్థీనియం అందురు. మెక్సికో సింధుశాఖ చుట్టుపట్ల ప్రదేశములు దీని పుట్టినిల్లు. 1956 ప్రాంతమున పూనాలో దీనిని గుర్తించిరి. అమెరికా గోధుమలతోబాటు వచ్చినదని లోకమున ప్రసిద్ధి. అంతకు పూర్వమే ఈ దేశమున నున్నదనుటకును కొన్ని ఆధారములు గలవు. ఎట్లు వచ్చినను, రైలుకట్టలు, రోడ్డు మార్జినులు, ఖాళీ నివేశనస్థలములు, బడి ఆవరణలు దీని వశమైనవి. మాచిపత్రిని పోలిన చీలికల ఆకు, చిట్లిన బియ్యపుగింజలవంటి తెల్లని పూలు. వినాయకచవితినాడు పత్రికి పోయిన పిల్లలు దీనినే మాచిపత్రి యని కోసికొనివచ్చు ప్రమాద మున్నది. పెద్దలు ఒకసారి వారిని పెరటిలోనికి తీసికొనిపోయి రెంటికిని గల భేదము చూపవలయును. మాచిపత్రిని నలిపిన సువాసన వచ్చును. వయ్యారిభామను నలుపకుండుటయే మేలు.

ఈ మొక్క మొలచిన నెల, నెలన్నరకు పూయనారంభించును. తేమ దొరికినచో సంవత్సరము పొడవున మొలచును. ఒక్కొక్క మొక్క పదునైదు వేలనుండి ఇరువదియైదు వేల వరకు గింజలు రాల్చును. ఆ గింజ గాలికి ఎగురును, నీటిమీద తేలును, ఎద్దుబండి చక్రమునకు అంటిన బురదలో ప్రయాణము చేయును, నేలలో సంవత్సరముల తరబడి ప్రాణముతో నుండును. దీనిలోని పార్థెనిన్ అను పదార్థము కొందరి చర్మమునకు పడదు. మెడమీదను, కనురెప్పలమీదను, మోచేతి మడతలలోను దురదతో కూడిన పొక్కులు లేచును. పుప్పొడివలన తుమ్ములు, ఉబ్బసము కలుగును. ఒకనాడు పెరికిన మాత్రమున ఏమియు కాలేదని ధైర్యపడరాదు. పలుమారులు తాకిన పిదపనే ఈ బాధ మొదలగుటయు, మొదలైన పిదప విడువకుండుటయు దీని లక్షణము. మేతలో కలిసి పశువు తిన్నచో పాలు చేదెక్కును.

కనుక దీనిని పెరుకుటకు తగిన వేళ పూతకు ముందు, వాన కురిసిన మరునాడు. నేల మెత్తగా నున్నప్పుడు వేరుతో సహా ఊడివచ్చును. కొడవలితో కోసినచో మొదటినుండి మరల చిగిర్చి, మునుపటికంటె గుబురై పూయును. చేతికి తొడుగుగాని, అది లేనిచో మందపు ప్లాస్టిక్ సంచిగాని వేసికొనవలయును. ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొనవలయును. ఉబ్బసము గలవారిని, ఇదివరలో దురద వచ్చినవారిని, పిల్లలను ఈ పనికి పంపరాదు. బడిపిల్లలచేత శ్రమదానమని వట్టి చేతులతో దీనిని పెరికించుట మంచి ఉద్దేశముతో చేయు చెడ్డపని. పని ముగిసిన పిదప స్నానము చేసి, కట్టిన బట్టలు వేరుగా ఉదుకవలయును.

పూయని మొక్కను ఎండలో వాడవేసి ఎరువుగుంటలో వేయవచ్చును. పూసినదాని సంగతి వేరు. దానిని దులుపరాదు, ఈడ్చుకొనిపోరాదు. మొక్కను కదల్పక ముందే తలలను సంచిలో దూర్చి త్రుంచి, మూతి కట్టి, పిమ్మట మొదలు పెరుకవలయును. ఆ సంచి పెంటకుప్పమీదికి పోరాదు. ఇక్కడ చాలమంది ఒక మాట అందురు: కుప్ప లోపల పొగలు వచ్చునంత వేడి యున్నది గదా, గింజ చావదా? కుప్ప నడుమ నిజముగనే వేడి యుండును. అచ్చట చిక్కిన గింజ చచ్చును. కాని అంచులలోను, పైపొరలోను, అడుగునను ఆ వేడి లేదు. తిరుగవేయని కుప్పలో గింజలు అంచుననే సుఖముగా కాలక్షేపము చేయును. వేసవిలో ఆ ఎరువు బండ్లకెత్తి పొలమునకు తోలుదురు. పెరటిలో నూరు మొక్కలు పెరికినవాడు పొలములో లక్ష విత్తనములు తన చేతితోనే చల్లినవాడగును. వరిచేలో నిలిచిన నీరు దీనిని కొంత అణచును. గట్లమీదను, దాళ్వా బదులు మినుము పెసర వేసిన చేలలోను అణచువారు లేరు.

దీనికి శత్రువు లేకపోలేదు. మెక్సికోనుండి తెప్పించిన ఒక చిన్న పెంకుపురుగును 1984లో బెంగుళూరు ప్రాంతమున విడిచిరి. అది వానకాలమున బయలువెడలి వయ్యారిభామ ఆకును జల్లెడవలె తినును. వేసవిలో మట్టిలో దాగును. పెరటిలోని మొక్క ఆకులు అట్లు చిల్లులు పడి, గోధుమరంగు చారలుగల పురుగులు కనబడినచో వానిని చంపరాదు. దాని నొక్కదానిని నమ్ముకొని చేతులు కట్టుకొని కూర్చుండుటయు తగదు.

తుంగ కథ దీనికి తారుమారు. అది విదేశీయము కాదు, తాతముత్తాతల నాటిది. లెరాయ్ హోమ్ ప్రభృతులు 1977లో ప్రకటించిన గ్రంథమున ప్రపంచములోని కలుపు మొక్కలలో మొదటి స్థానము దీనికే ఇచ్చిరి. తుంగ బలము దుంపలో నున్నది. నేల లోపల సన్నని తీగవంటి వేరు ఒక దుంపనుండి మరియొక దుంపకు పోవుచు, పూసలదండవలె గ్రుచ్చియుండును. ఆ దండ తెగనంతకాలము చివరి దుంపయే మొలచుచు తక్కినవానిని నిద్రపుచ్చి యుంచును. పారతో చెక్కినప్పుడు దండ తెగి, ఒక్కొక్క దుంపయు మేలుకొని వేరువేరు మొక్క యగును. తడినేలలో పదేపదే చెక్కించినవాడు తుంగను నాటించిన వాడే.

దీనికి డెల్టాలో దైవమిచ్చిన కాలము ఒకటి గలదు. కాలువలు కట్టివేసి నల్లరేగడి నేల బీటలువారు వేసవిలో, గునపముతో జానెడు లోతు పెళ్లగించి, దండ తెగకుండ దుంపలను ఏరి, మట్టి దులిపి, బండలమీదనో మేడమీదనో పలుచగా పరచవలయును. తుంగదుంప నీటికి చావదు, పారకు చావదు, ఎండి చచ్చును. రోహిణి ఎండలో వక్కవలె గట్టిపడి, విరిచినప్పుడు లోపల తెలుపు పోయినదాక ఉంచి, పిదప పొయ్యిలో వేయవలయును. పచ్చిదుంపను పెంటకుప్పలో వేయరాదని వేరుగా చెప్పనక్కరలేదు. మందులకును, సున్నిపిండికిని ముస్తలు కొనువారు ఎండినవానిని అడిగి తీసికొందురు గనుక అమ్ముకొనినను నష్టము లేదు. వేసవి దాటిపోయినచో, రెండు మూడు వారముల కొకసారి మొలకలను లాగివేయుచు క్రొత్త దుంప ఊరకుండ చేయవలయును. పాతదుంపలోని సత్తువ అట్లు క్రమముగా తరిగిపోవును. ఓర్పు గలవారికే ఇది సాధ్యము. తుంగకు నీడ గిట్టదు. బాగుచేసిన చోట చిలగడదుంప తీగనో, బచ్చలినో వెంటనే క్రమ్మనిచ్చుట మంచిది. ప్లాస్టిక్ పట్టా పరచినచో దానిని పొడుచుకొని పైకి వచ్చు మొన తుంగకు గలదు. ఆ ఖర్చు పెట్టుకొనకుండుట మేలు. గరికకు కణుపుకణుపునను వేరు గలదు. దానికిని ఎండయే మందు. వినాయకునికి కావలసినంత గరిక గట్టున ఎల్లప్పుడు దొరకును గనుక పెరటిలో కరుణింపనక్కర లేదు.

గుర్రపుడెక్క పెరటిది కాదని అనుకొనవచ్చును. కాని దాని ఊదాపూవు చూచి ముచ్చటపడి నీటితొట్టిలో వేసికొనువారు నేటికిని గలరు. తొట్టి కడిగిన నీరు బోదెలోనికే పోవును. దక్షిణ అమెరికానుండి ఆ పూవు అందమునకే పందొమ్మిదవ శతాబ్దము చివర బంగాళమునకు తెచ్చిరి. నలుబది సంవత్సరములలో అక్కడి నదులు, వరిచేలు పూడిపోగా, 1936లో దానిని తొలగించుటకై ప్రత్యేకముగా ఒక చట్టమే చేయవలసి వచ్చినది. ఒక పూలమొక్క మీద చట్టము చేయుట చరిత్రలో అరుదు. అనుకూలమైన నీటిలో ఇది రెండు వారములకు రెట్టింపగును. గింజ అడుగు బురదలో పదునైదు ఇరువది సంవత్సరములు బ్రదుకును. కాలువనుండి తీసి నీటి అంచుననే పోగులు పెట్టుట సాధారణముగా కనబడు దృశ్యము; మొదటి వానకు ఆ పోగు సగము నీటిలోనికి జారును. దానిని గట్టుకు ఆవలివైపునకు, వరద అందని ఎత్తునకు చేర్చి, వేళ్లు పైకి వచ్చునట్లు తిరుగవేసి ఎండబెట్టవలయును. నూరు పాళ్లలో తొంబదియైదు నీరే గనుక కొండవంటి పోగు కొద్దిదినములలో చాపవలె అగును. పిదప పేడతో పొరలుపొరలుగా వేసి మ్రగ్గనిచ్చినచో మంచి ఎరువు. పట్టణపు మురుగు కలియు కాలువలలోనిది మాత్రము వేళ్లలో సీసము మొదలగు లోహములను పట్టుకొనియుండును. ఆ ఎరువును పూలమొక్కలకు, నీడచెట్లకు వేయవలయును గాని తోటకూర మళ్లకు వేయరాదు.

లొట్టపీసును దడికొరకు మనుష్యులే నాటిరి. గుచ్చిన చోటనెల్ల బ్రదుకును గనుక నాటినవారు సంతోషించిరి. ఆ గుణమే నేడు కాలువలకు శాపమైనది. నరికిన కాడ తడి తగిలినచోట కణుపునుండి వేరు దింపును. మేక మేసి అలవాటు పడినచో వణకు పుట్టి చివికిపోవును. దీనిని నరికి నేలమీద వదలక, తడి తగులని ఎత్తైన చోట కట్టెలమీద పేర్చి, గలగలలాడునంత ఎండనిచ్చి వంటచెరకు చేసికొనవలయును. పచ్చికాడను పాదులకు ఊతముగా గుచ్చువారు దడిని పెరటినడుమకు తెచ్చుకొనువారే.

సర్కారు తుమ్మ విషయము కొంచెమే చెప్పవలసి యున్నది. 1877లో కడపజిల్లా కమలాపురమున దీనిని నాటించిరి. వంటచెరకు కరవు తీర్చునని ఆనాటి తలంపు. కరవు తీర్చినమాట నిజమే. కాయ తిన్న మేక పోయిన చోటనెల్ల గింజ వేయును. నేలకు సమముగా నరికినచో మొదటినుండి పది కొమ్మలు లేచును. మన్ను త్రవ్వి, వేరుమొదలు జానెడు లోతున నరికిననే చచ్చును. కాయలను గింజ నలుగునట్లు దంచక మేకలకు పెట్టరాదు.

పెరికినదానికి నిప్పుపెట్టుట అందరికిని తోచు సులభోపాయము. బాగుగా ఎండిన తుంగదుంపకు, లొట్టపీసుకు అది చెల్లును. పచ్చి వయ్యారిభామను తగులబెట్టినచో ఆ పొగ కళ్లకును ఊపిరికిని చెరుపు. వేసవి గాలిలో గడ్డివాములు, తాటాకు ఇండ్లు ఉన్న పేటలో చెత్తకుప్ప కాల్చిన మంట ఎవరి ఇంటికి పోవునో ఎవరును చెప్పలేరు. ఉప్పునీరు మరియొక ఉపాయము. లీటరు నీటికి రెండువందల గ్రాముల ఉప్పు కలిపి లేత వయ్యారిభామమీద చల్లిన మాడిపోవును. రాతిసందులలోను, గోడ మొదళ్లలోను అట్లు చేయవచ్చును. దివిసీమ, బందరు దిక్కున ఉప్పు పొంగిన నేలలతో రైతులు తరతరములుగా పోరాడుచున్నారు. అట్టిచోట కొబ్బరిచెట్టు మొదట ఉప్పు పోయుట అవివేకము.

కలుపుమందుల సంగతి మరింత జాగ్రత్తగా చెప్పవలసినది. గ్లైఫొసేటును శిక్షణ పొందిన నిర్వాహకులే వాడవలయునని కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ఉత్తరువిచ్చినది. పారాక్వాట్ అను మందునకు విరుగుడు లేదు. పొరబాటున మ్రింగిన కొద్దిపాటి మందే ప్రాణము తీయును. పొలమునకు కొని మిగిలిన మందును పానీయపు సీసాలో పోసి పెరటి గూటిలో దాచు అలవాటు అనేక ఇండ్లలో గలదు. పది చదరపు గజముల పెరటికొరకు ఇంటిలో విషముంచుకొనుట దేనికి? అక్కడికి బొరిగె చాలును.

ఇంత చెప్పినందున నాటనిదెల్ల కలుపే యని భావింపరాదు. గంగపావిలి, పొన్నగంటి, గలిజేరు పెరటిలో తమంతట తామే వచ్చి కూరకుండను చేరునవి. కూలివానికి పని అప్పగించుటకు ముందు ఇంటి పెద్దావిడ ఒకసారి పెరడు చుట్టివచ్చుట మంచిది. ఆకుకూరల జ్ఞానము ఇంకను ఆమెయొద్దనే యున్నది. పుస్తకముల కెక్కినది స్వల్పము.

ఇక మిగిలినది పెరికినది చేర్చు చోటు. ఇది ఒక్కొక్క ఇంటివారు తీర్చుకొనగల పని కాదు. చిన్న పెరళ్లవారికి గుంట త్రవ్వు తావు ఉండదు. అందుచేతనే గట్టుమీదికి పోవుదురు. వారిని నిందించుటకంటె ఊరికి ఒక గుంట ఏర్పరచుట న్యాయము. కాలువకును బోదెకును దూరముగా, వాననీరు నిలువని మెట్టచోట మూడడుగుల లోతు, ఆరడుగుల వెడల్పు, పదియడుగుల పొడవు గుంట త్రవ్వి, అడుగున మట్టి గట్టిగా దిమ్మిస చేయవలయును. ఒక పొర కలుపు, దానిపై పేడనీళ్లు, దానిపై పలుచగా మన్ను. ఇట్లు గుంట నిండి నేలకు అడుగుమీద వచ్చువరకు త్రొక్కుచు పేర్చి, పేడయు బంకమన్నును కలిపి గోపురమువలె మెత్తవలయును. మెత్తు బీటవారినప్పుడెల్ల అలుకుచుండవలయును. ఆ బీటలనుండియే వేడి పోవును, గింజ బ్రదుకును. నాలుగైదు నెలలకు ఎరువు సిద్ధమగును. దానిని జల్లెడ పట్టి, పొలమునకు పంపుటకు ముందు దోసెడు తీసి ఒక మట్టిమూకుడులో పోసి, తడి ఆరకుండ నీరు చల్లుచు రెండువారములు అందరికిని కనబడుచోట నుంచవలయును. గ్రంథాలయపు అరుగు అందుకు అనువైనది. మాచిపత్రివంటి చీలికల ఆకు ఒక్కటి మొలచినను ఆ ఎరువంతయు మరల గుంటలోనికే పోవలయును.